ఓడిన రోజు అన్నం

మా వీధి చివరి ఇంట్లో కిరాయికి ఉండే శిరీషకు పీఈటీ ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ చర్ల మండలంలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. నేను రిటైరైంది ఆ బడిలోనే అని ఎవరో చెప్పారట, స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. "మేడం, అక్కడ ఎట్లుంటది? ఏం నేర్పాలె?" అని అడిగింది. బస్సు గురించి, దోమల గురించి, వానాకాలం రోడ్డు గురించి చెప్పాను. మిగతాది ఒక కప్పు టీలో తెమిలేది కాదు, రాసిస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక ఆ గ్రౌండు, తడిసిన బంతి వాసన, పిల్లల కేకలు అన్నీ మీదపడ్డాయి. అందుకే ఇది కాస్త పొడుగైంది.

ప్రమోషన్ల సంగతి ఇందులో లేదు. నాకు రాలేదు కాబట్టి చెప్పడానికీ లేదు. పీఈటీ అంటే బడిలో అందరికీ అలుసే. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడ్ మన నెత్తిన పడుతుంది. సిలబస్ మిగిలిపోతే మాత్రం మన పీరియడ్ ఆయన పట్టుకుపోతాడు. జెండా కర్ర పాతించేది మనమే, అన్నం దగ్గర పిల్లల్ని వరసలో నిలబెట్టేదీ మనమే. దీనికి ఏడుస్తూ కూర్చుంటే ఉద్యోగం సాగదు శిరీషా. నేను కొన్నాళ్లు ఏడ్చాను. తర్వాత ఆ అన్నం వరసనే పనికి వాడుకున్నాను.

నేను చెప్పేది ఒక్క సీజన్ కథ. దేశంలోని బడి జట్లన్నీ ఆడే ఫుట్‌బాల్ కప్పు అది. నాకౌట్ పద్ధతి. ఓడిన జట్టు అక్కడికక్కడే బయటికి పోతుంది, ఇంకో అవకాశం ఉండదు. వానల్లో జిల్లా మ్యాచ్‌లతో మొదలై చలికాలంలో ఫైనల్‌తో ముగుస్తుంది. ముందే చెప్పేస్తున్నాను, ఆ కప్పు మాకు రాలేదు.

గంట కొట్టాక పెనాల్టీలు

మా గ్రౌండు ఒకవైపుకు వాలి ఉండేది. వానొస్తే కింది గోల్ దగ్గర నీళ్లు నిలిచేవి. ఆ నీళ్లలో నిలబడేది మడకం భీమే, మా గోల్ కీపర్. వాళ్ల ఊరు బాగా లోపల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర. తల్లి పుట్టిల్లు ఆవలి వైపే. అందుకని ఇంట్లో కోయ, బడిలో తెలుగు, సంతలో హిందీ మాట్లాడేది. అసలు ఏ భాషలోనైనా ఆ పిల్ల మాట్లాడేది తక్కువ. ప్రాక్టీసు మొదలైన రోజు ముఖం మీదికి బంతి వస్తే అందరూ తల తిప్పుకున్నారు. భీమే తిప్పుకోలేదు. ముక్కు వాచింది. మర్నాడు వచ్చి మళ్లీ అక్కడే నిలబడింది. గోల్ కీపర్‌ని నేను ఎంచుకున్నానని అందరూ అంటారు గానీ, ఆ చోటు తనే ఎంచుకుంది.

నాకౌట్ మ్యాచ్ సమంగా ముగిస్తే పెనాల్టీలు కొట్టాలి. ప్రాక్టీసులో ఎవరైనా కొడతారు. మ్యాచ్‌లో, అందరూ చూస్తుండగా, భయంతో బంతిని ఎటో కొడతారు. ఆ భయాన్ని బడిలో ఎట్లా తెప్పించాలో నాకు చాలా రోజులు తోచలేదు. ఒకరోజు అన్నం గంట కొట్టాక, బడి పిల్లలంతా ప్లేట్లు పట్టుకుని వరసలో ఉండగా, జట్టును పిలిచి తలా ఒక పెనాల్టీ కొట్టమన్నాను. గోల్ అయినా కాకపోయినా అన్నం ఉంటుంది, కొట్టాకే ప్లేటు పట్టాలి, అంతే. కడుపులో ఆకలి, ఎదురుగా భీమే, చుట్టూ ప్లేట్లు వాయిస్తూ బడి. మొదటి రోజు ఒక్కటీ గోల్‌లోకి పోలేదు. వంట చేసే స్వరూప గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంది మేడం గిది? చారు చల్లగైతుంది. మీ బంతి ఏట్ల గలవ."

"ఒక్క పది నిమిషాలు స్వరూపా."

"రోజూ గట్లనే అంటరు" అని నన్ను తిట్టుకుంటూనే ఆమె కూడా నిలబడి చూసేది. కొన్నాళ్లకు భీమే బంతి ఆపితే అందరికంటే ముందు గరిటెతో గిన్నె మీద కొట్టింది స్వరూపే. ఏ పుస్తకంలోనూ లేని కోచింగ్ ఇది. నువ్వూ వాడుకో.

దేవా షరతు

జిల్లా మ్యాచ్‌లు గెలిచిన వారంలో భీమే నాన్న దేవా బడికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పెద్దకొడుకు వేరుపడ్డాడని, భార్యకు నడుం పట్టేసి లేవలేకపోతోందని, పోడు చేనులో చేతులు చాలట్లేదని చెప్పాడు. పిల్లను తీసుకుపోతానన్నాడు.

"పదో తరగతి పరీక్షలు రాయనీ దేవా. తర్వాత నీ ఇష్టం" అన్నాను.

"చదువుకుంటే చేను ఎవరు జూస్తరు మేడం?"

చదువు గురించి నాకు తెలిసిన మంచి మాటలన్నీ చెప్పాను. విన్నాడు. అన్నీ విని గ్రౌండు వైపు చూశాడు. భీమే అప్పుడు గోల్ దగ్గర నీళ్లు తోడిపోస్తోంది.

"మీ ఆటల ఓడినోళ్లు ఇంటికి పోవాలె, గంతే గదా?"

"అవ్."

"అయితే గెలిచినన్ని దినాలు మీ కాడ ఉండనియ్యి. ఓడిన నాడు నా బిడ్డ ఇంటికొస్తది. మాట మీద ఉండాలె మేడం."

సరేనన్నాను. అనకపోతే ఆ సాయంత్రం బస్సుకే తీసుకుపోయేవాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ఇంట్లో పరిస్థితి నేను కళ్లారా చూశాను. కానీ ఆ రోజు నుంచి ప్రతి మ్యాచ్‌లో ఆఖరి విజిల్ ఊదేదాకా నేను ముద్ద ముట్టేదాన్ని కాదు. మేము ఓడితే మిగతా పిల్లలు బడికి తిరిగొస్తారు, భీమే రాదు. ఈ సంగతి జట్టుకు చెప్పకూడదనుకున్నాను. చూస్తే నాకంటే ముందే అందరికీ తెలుసు. కెప్టెన్ కుంజా సమ్మక్క వచ్చి, "మేం ఓడం లే మేడం, మీరు అన్నం తినండి" అని నాకే ధైర్యం చెప్పి పోయింది.

మ్యాచ్ ఉన్న ప్రతి సాయంత్రం దేవా ఫోన్ చేసేవాడు. వాళ్ల ఊళ్లో సిగ్నల్ రాదు. దారి పక్కన గుట్ట ఎక్కితేనే వస్తుంది. అక్కడి నుంచి ఒక్కటే మాట, "ఓడిన్రా?" అని. "లేదు దేవా, గెలిచినం" అంటే "సరే" అని పెట్టేసేవాడు. మేము ఎప్పుడు ఓడతామా అని ఎదురుచూస్తున్నాడనుకుని మనసులో చాలా తిట్టుకున్నాను.

హెడ్మాస్టరు అడిగింది

మా హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు గారిది వైరా, వ్యవసాయ కుటుంబం. ఆయనకు ఫుట్‌బాల్ అంటే పడదు. పొలం మధ్యలో ఇంత నేల ఖాళీగా వదిలేసి దాని మీద పరుగెత్తడం ఏమిటని నవ్వేవాడు. హైదరాబాద్ మ్యాచ్‌కు పర్మిషన్ కోసం వెళ్తే ఒక్కటే అడిగాడు.

"ఓడిపోతే ఆ రోజు పిల్లలకు అన్నం ఎక్కడ?"

"ముందే ఓటమి మాట ఎందుకు సార్?" అన్నాను, కాస్త కోపంగానే.

"గెలిస్తే ఎవరైనా పిలిచి పెడతారు మేడం. ఓడిన జట్టును ఎవరు పిలుస్తారు? ఏడ్చుకుంటూ, ఖాళీ కడుపుతో బస్సులో పడుకుంటారు. నేను కబడ్డీ ఆడే రోజుల్లో గట్లనే వచ్చేవాళ్లం. ఓడిన రోజు అన్నం సంగతి తేల్చుకుని పొండి."

నా సర్వీసులో చాలామంది పైఅధికారుల్ని చూశాను. ప్లేయర్లతో ఫొటో దిగడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆటంటే ఇష్టంలేని ఈయన చెప్పిన మాటే నాకు చివరిదాకా పనికొచ్చింది. నాకౌట్ కప్పులో ఒక్క జట్టు తప్ప మిగిలిన వాళ్లందరూ ఓడి ఇంటికి పోయేవాళ్లే. అంటే కోచ్ చేయాల్సిన పనిలో పెద్ద భాగం ఓడిన సాయంత్రమే ఉంటుంది. ఆ మాట ఎవరూ మనకు ట్రెయినింగ్‌లో చెప్పరు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా స్వరూప చేత డేగిశా నిండా పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు కట్టించుకుని పోయేదాన్ని. మరీ దూరమైతే అక్కడే ఒక వంటమనిషిని మాట్లాడేదాన్ని. ఓడినా గెలిచినా ఆట కాగానే అందరూ కూర్చుని తినాలి. తిన్నాకే ఏడుపైనా, డ్యాన్సులైనా.

నేహా బ్యాగు

హైదరాబాద్‌లో మాకు పడింది ఒక కాన్వెంటు జట్టు. మంచి బూట్లు, మంచి జెర్సీలు, వాళ్ల ఫార్వర్డ్ నేహా అనే పిల్ల చిరుతలా ఉరికేది. మేము ఒక్క గోల్ తేడాతో గెలిచాం. నేను స్కోరు షీటు మీద సంతకం పెట్టి వచ్చేసరికి మా వ్యాను దగ్గర గోల. నేహా ఏడుస్తోంది. ఆమె బ్యాగు మా వ్యానులో, మా పిల్లల బ్యాగుల మధ్యన ఉంది. సమ్మక్క నేహా చెయ్యి పట్టుకుని ఎంతో ప్రేమగా, "భయపడకు, మా పక్కన పండుకుందువు" అంటోంది.

వాళ్ల సార్ ఊగిపోతున్నాడు. "ఏం మేడం, మా పిల్లను ఎటు తీసుకపోతున్నరు? పోలీసులకు చెప్పాల్నా?"

సమ్మక్కను పక్కకు లాగి ఇదేంటని అడిగాను.

"గెలిచినం గదా మేడం" అంది, నాకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఓడినోళ్ల నుంచి ఒకర్ని తీసుకపోవాలె. ఆమె మంచిగ ఆడింది."

అప్పుడు తెలిసింది నాకు. మా పిల్లలు వచ్చే ఆ నాలుగైదు ఊళ్లలో పంటలు ఇంటికొచ్చాక ఫుట్‌బాల్ పోటీలు పెట్టుకుంటారు. చిన్న ఊళ్లు, పదకొండు మంది దొరకడమే కష్టం. ఓడిన ఊరివాళ్లు గీత పక్కన వరసగా నిలబడితే, గెలిచిన ఊరు వాళ్లలో బాగా ఆడిన ఒకరిని తీసుకుంటుంది. ఆ మనిషి ఆ పోటీలు అయ్యేదాకా వాళ్లతోనే ఉండి, తిని, వాళ్ల తరఫున ఆడతాడు. ఫైనల్‌కు వచ్చేసరికి రెండు జట్లలోనూ అన్ని ఊళ్లవాళ్లూ ఉంటారు. ఎవరూ కోపంతో ఇంటికి పోరు. ఆ ఫైనల్స్‌కు బహుమతులివ్వడానికి నన్ను పిలిచేవారు. జట్టులో బయటి ఊరివాళ్లను చూసి దొంగాటనుకుని మూతి ముడుచుకునేదాన్ని. అన్నేళ్లున్నా ఎందుకని ఒక్కరిని అడగలేదు.

ఈ కప్పులో అది కుదరదని, పేరు రాయించిన జట్టుకే ఆడాలని పిల్లలకు చెప్పాను. వాళ్ల సార్‌కు చేతులు జోడించి సంగతంతా వివరించాను. ఆయన కాసేపు నమ్మలేదు. నమ్మాక నవ్వు ఆపుకోలేకపోయాడు. డేగిశా దింపాం. రెండు జట్లూ కలిసి ఆ గ్రౌండు గోడ నీడలో కూర్చుని మా ఓడిన రోజు పులిహోర తిన్నాయి. ఏడుపు ఆపిన నేహా సమ్మక్క పక్కన కూర్చుని రెండు గుడ్లు తిన్నది.

తిరిగొచ్చేటప్పుడు భీమే నా పక్క సీట్లో కూర్చుంది. తనంతట తానే ఒక మాట చెప్పింది. "మా నాయనను గట్ల మూడూళ్లోళ్లు తీసుకపోయిన్రంట మేడం. ఒక్కటే పోటీల. అప్పుడు నేను పుట్టలే."

గ్రౌండు అంచున వరస

ఆ తర్వాత రాష్ట్రం మొత్తానికి జరిగిన ఆఖరి మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్లింది. బెంచీ మీదున్న మా పిల్లలు ఎక్కడి నుంచో ప్లేట్లు తెచ్చి వాయించడం మొదలుపెట్టారు. ఎదుటి జట్టు కంగారుపడింది. మావాళ్లకు మాత్రం అది రోజూ అన్నం వేళే. భీమే ఆఖరి బంతిని ఆపి దాన్ని పొట్టకు హత్తుకుని అట్లాగే కూర్చుండిపోయింది. నా ఉద్యోగ జీవితంలో ఒక్క సాయంత్రాన్ని ఎవరైనా మళ్లీ ఇస్తానంటే నేను దాన్నే అడుగుతాను.

దేశం స్థాయి మ్యాచ్‌లన్నీ బెంగాల్‌లో ఒక చిన్న పట్టణంలో. ఖమ్మంలో ఎక్కి విజయవాడలో రైలు మారాం. వార్డెన్ సారమ్మ తోడు వచ్చింది. తిరుగు టికెట్లు ఏ తారీఖుకు చేయించాలన్నది పెద్ద తగువు. ముందు తారీఖుకు చేయిస్తే పిల్లలు "మేం ఓడిపోతమనే గదా" అని అలుగుతారు. చివరికి సెమీఫైనల్ మర్నాటికి చేయించి నోరు మూసుకున్నాను.

నిజంగానే సెమీఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ మణిపూర్ జట్టు తగిలింది. వాళ్లు మాకంటే పొట్టి, మాకంటే వేగం. భీమే ఆ రోజు ఆపిన బంతులు చూసి అవతలి వైపు జనం కూడా చప్పట్లు కొట్టారు. ఆఖర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని వాళ్ల పిల్ల తలతో కొట్టింది. భీమే వేళ్లకు తగిలి లోపలికి పోయింది. కాసేపటికి విజిల్ ఊదారు.

దేవాకు ఇచ్చిన మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. తలెత్తి చూస్తే మా పిల్లలు ఏడవడం లేదు. సున్నం గీత పక్కన వరసగా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఇక్కడ కుదరదని నేను చెప్పింది వాళ్లకు గుర్తుంది. అయినా ఓడినవాళ్లు చేయాల్సింది వాళ్లు చేస్తున్నారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

మణిపూర్ కోచ్ పేరు మేమ్చా, నా వయసు మనిషే. చేతులు కలపడానికి నిలబడ్డారనుకుని వరస పొడుగునా చేతులు కలుపుతూ వచ్చింది. భీమే దగ్గర ఆగి, వెన్ను తట్టి, ముందుకు కదలబోయింది. పిల్లలు కదలకపోవడం చూసి ఇదేమిటని నన్ను అడిగింది. నా హిందీ అంతంత మాత్రం. భీమే తనే చెప్పింది. తను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మేమ్చా మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి భీమే చేతుల వైపు చూసింది.

ఆడించడానికి రూలు ఒప్పుకోదంది మేమ్చా. ఫైనల్ దాకా మాతో ఉంటుందా, మా కీపర్‌తో కలిసి ప్రాక్టీసు చేస్తుందా, బెంచీ మీద మా పక్కన కూర్చుంటుందా, అని అడిగింది. నేను హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. అంతా విని, "పిల్లను ఒక్కదాన్నే వదలొద్దు. మీరు ఉండండి, మిగతావాళ్లను సారమ్మతో పంపండి. రెండు టికెట్లు క్యాన్సిల్ చేయండి" అన్నాడు. ఆగి, "తండ్రిని అడిగారా?" అన్నాడు. అదే కదా నేను చేయలేకపోతున్నది.

మేమ్చా ఆ రోజు అడిగింది ఫైనల్ వరకే. ఆ తర్వాతి ఏడాది ఆమె తన దగ్గరే చేర్చుకుని చదువు కూడా చెప్పించింది. ఇప్పుడు భీమే పెద్ద జట్టుకు ఆడుతోంది, వేసవిలో మన బడికి వచ్చి గోల్ కీపింగ్ నేర్పుతుంది. శిరీషా, నువ్వే చూస్తావు. కానీ ఆ సాయంత్రం ఇవేవీ మాకు తెలియవు. తెలిసిందల్లా మేము ఓడామని, గుట్ట మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడని.

ముందే మాట్లాడిపెట్టుకున్న వంటామె అన్నం, కోడికూర తెచ్చింది. రెండు జట్లూ కూర్చున్నాయి. అప్పుడే ఫోన్ మోగింది. భీమే చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఓడిన్రా?"

"అవ్ దేవా. ఓడినం."

మాట మీద ఉండాలె మేడం అంటాడని ఎదురుచూశాను.

"ఎవర్ని తీసుకపోయిన్రు?"

"భీమేను అడుగుతున్రు దేవా" అన్నాను.

ఈసారి ఆయన గొంతు మారింది. ఎన్నడూ వినని మెత్తదనం అందులో ఉంది.

"అయితే నా బిడ్డ ఇంకా ఓడలే మేడం. వాళ్లతోని పోనియ్యి."

ఫోన్ పెట్టేసి వచ్చి, ఏమీ చెప్పకుండా భీమే కంచం తీసుకెళ్లి మేమ్చా పిల్లల వరసలో పెట్టాను. వాళ్లు జరిగి చోటిచ్చారు. భీమే లేచి వెళ్లి అక్కడ కూర్చుని తిన్నది.